డయాలిసిస్, డీసాల్టింగ్ కాలమ్, స్పిన్ ఫిల్టర్, బ్రౌనియన్ రాచెట్: ఏ శాంపిల్‌కి ఏది?

నికెల్ కాలమ్ (మనకు కావాల్సిన ప్రోటీన్‌ని పట్టుకుని మిగతావాటిని పోనిచ్చే గొట్టం) నుంచి ప్రోటీన్ దిగింది. జెల్ మీద బ్యాండ్ ఒక్కటే కనిపిస్తోంది. అంతవరకు బాగానే ఉంది. కానీ దాంతో పాటు, దాన్ని దించడానికి వాడిన ఇమిడజోల్ అనే చిన్న అణువు కూడా 250 మిల్లీమోలార్ గాఢతలో ట్యూబులోకి వచ్చి కూర్చుంది. అది పోతేగాని ఎంజైమ్ అస్సే (పనితీరు పరీక్ష) పెట్టలేం. ఈ దశలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థులు ఎక్కువగా చేసే పని, ల్యాబులో సీనియర్ ఏది వాడితే అది వాడటం. సీనియర్ రాత్రంతా డయాలిసిస్ పెడితే వీళ్లూ అంతే. కొన్నిసార్లు అది సరిపోతుంది. కొన్నిసార్లు పది నిమిషాల పనికి రెండు రోజులు పడుతుంది, లేదంటే తెల్లారేసరికి ప్రోటీన్ విరిగి తెల్లగా అడుగున పేరుకుంటుంది.

ముందే తేల్చి చెప్పేస్తాను. శాంపిల్ రెండు మూడు మి.లీ. ఉండి, తీసేయాల్సింది ఉప్పు లాంటి చిన్న అణువైతే డీసాల్టింగ్ కాలమ్ (రంధ్రాల పూసలు నింపిన గొట్టం) పట్టండి. శాంపిల్ ఎక్కువ ఉన్నా, బఫర్ (ప్రోటీన్ ఉండే ద్రావణం) మెల్లగా మారాల్సి ఉన్నా డయాలిసిస్. గాఢత కూడా పెంచాలంటే స్పిన్ ఫిల్టర్ (సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పొర గుండా నీళ్లు దిగే ట్యూబు). ఒక ప్రోటీన్‌ని ఇంకో ప్రోటీన్ నుంచి సైజును బట్టి విడదీయాలంటే పొడవాటి జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్. ఇక బ్రౌనియన్ రాచెట్ (అణువుల అడ్డదిడ్డం కదలికని ఒకవైపుకే మళ్లించే ఏర్పాటు) గురించి చదివి ముచ్చటపడ్డవాళ్లకి ఒక మాట: ఐడియా చాలా అందమైనది, మీ బెంచి మీది శాంపిల్‌కి మాత్రం పనికిరాదు.

దూరం లెక్క

నీళ్లలో ఏ అణువూ ఊరికే ఉండదు. మామూలు గది ఉష్ణోగ్రతలో 30 కిలోడాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే యూనిట్) ప్రోటీన్ వేగం సెకనుకు సుమారు 15 మీటర్లు. కానీ నీటి అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దుతూనే ఉంటాయి కాబట్టి దాని దిశ క్షణక్షణం మారిపోతుంది, ఎంత పరిగెత్తినా ఉన్న చోటుకు దగ్గర్లోనే తచ్చాడుతుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ మైక్రోస్కోపు కింద చూసింది, పుప్పొడి నుంచి బయటపడ్డ సూక్ష్మ కణాలు ఇలా గెంతులాడటమే. 1905లో ఐన్‌స్టీన్ దానికి లెక్క కట్టాడు. ఆ లెక్కలో మన పనికొచ్చే ముక్క ఒక్కటే: దూరం పది రెట్లయితే, దాటడానికి పట్టే సమయం వంద రెట్లవుతుంది.

అంకెల్లో చూడండి. ఇమిడజోల్ లాంటి చిన్న అణువు 50 మైక్రాన్ల దూరం పోవడానికి ఒక సెకను పైచిలుకు చాలు. ఒక మిల్లీమీటరుకి ఎనిమిది నిమిషాలు. ఒక సెంటీమీటరుకి 14 గంటలు. మన 30 కిలోడాల్టన్ల ప్రోటీన్‌కైతే అదే సెంటీమీటరుకి దాదాపు వారం. కోల్డ్ రూమ్‌లో 4 డిగ్రీల దగ్గర నీటికి స్నిగ్ధత పెరుగుతుంది కాబట్టి వీటన్నిటికీ ఇంచుమించు రెట్టింపు వేసుకోండి.

అంటే ఏ పద్ధతినైనా బేరీజు వేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇందులో నా అణువు ఎంత దూరం పోవాలి అని. పరికరం ధర, బ్రాండు తర్వాత సంగతి.

రెండో ప్రశ్న సైజు తేడా. ఇక్కడ చాలామంది అంచనా తప్పుతుంది. గుండ్రటి ప్రోటీన్ బరువు ఎనిమిది రెట్లు పెరిగితే వ్యాసార్థం రెండు రెట్లే పెరుగుతుంది, వ్యాపించే వేగం సగానికే తగ్గుతుంది. ఇమిడజోల్ బరువు 68 డాల్టన్లు, ప్రోటీన్ బరువు 30 వేలు. అయినా రెండింటి వ్యాపన వేగాల్లో తేడా పదీ పన్నెండు రెట్లు, అంతే. పైగా అడ్డం లేకుండా వదిలేస్తే ఆ కదలిక కలిపేస్తుందే తప్ప విడదీయదు. మధ్యలో ఒకరిని పోనిచ్చి ఇంకొకరిని ఆపే పొర కావాలి, లేదా చిన్నవాటినే లోపలికి రానిచ్చే రంధ్రాలు కావాలి.

తేడా మరీ చిన్నదైతే ఏమవుతుందో చరిత్రలో ఒక భారీ ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో కట్టిన కె-25 ప్లాంటు, యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును సన్నని రంధ్రాల పొరల గుండా పంపి యురేనియం-235 ఐసోటోపును వేరు చేసేది. తేలిక అణువు కాస్త వేగంగా కదులుతుందన్న ఒక్క ఆధారం మీద ఆ ప్లాంటు నడిచింది. ఆ రెండు అణువుల బరువులు 349, 352. ఒక్కో దశలో సిద్ధాంతపరంగా దక్కగలిగే గరిష్ఠ లాభం 1.0043 రెట్లు. అందుకే దశలు వేలల్లో కావాల్సి వచ్చాయి. బెంచి మీద మనకు ఒకటో రెండో దశలే ఉంటాయి కాబట్టి సైజు తేడా బాగా ఉండాలి.

డయాలిసిస్: నిదానమే దీని బలం

1861లో థామస్ గ్రాహం మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ దాని సూత్రం మారలేదు. సెల్యులోజ్ ట్యూబులో శాంపిల్ పోసి, రెండు చివరలా క్లిప్పు పెట్టి, పెద్ద బీకర్‌లో బఫర్ పోసి స్టిర్రర్ మీద ఉంచుతాం. చిన్న అణువులు వాటంతట అవే బయటికి పోతాయి. కరెంటు ఖర్చు కూడా స్టిర్రర్‌దే.

ట్యూబు ఎంచుకునేటప్పుడు అందరూ కట్‌ఆఫ్ (ఎంత బరువున్న అణువుల్ని పొర ఆపుతుందో చెప్పే అంకె) మీదే దృష్టి పెడతారు. అది ముఖ్యమే: మీ ప్రోటీన్ బరువులో సగానికి మించని కట్‌ఆఫ్ తీసుకోండి. 30 కిలోడాల్టన్లకి 12-14 వేల డాల్టన్ల ట్యూబు చాలు. లైసోజైమ్ 14.3 కిలోడాల్టన్లు, దాన్ని అదే ట్యూబులో పోస్తే పొద్దునకల్లా చాలా భాగం సింకు పాలవుతుంది, దానికి 3.5 వేలది కావాలి. కట్‌ఆఫ్ అనేది కత్తితో గీసిన గీత కాదు, ఆ బరువున్న అణువుల్లో ఎక్కువ భాగం ఆగుతాయి అనేంతవరకే దాని హామీ.

కట్‌ఆఫ్ తర్వాత వెడల్పు కూడా చూడాలి, అది ఎవరూ పట్టించుకోరు. పరిచినప్పుడు 25 మి.మీ. ఉన్న ట్యూబు, నింపాక 16 మి.మీ. వ్యాసమవుతుంది. 10 మి.మీ. ఉన్నది 6 మి.మీ. పైచిలుకు. పైన చెప్పిన లెక్క ప్రకారం మధ్యలో ఉన్న అణువు బయటపడటానికి మొదటి దాంట్లో ఆరు రెట్లు ఎక్కువ సమయం. నిజానికి బ్యాగు తిరుగుతూ లోపల కొంత కలుస్తుంది కాబట్టి తేడా అంత ఉండదు, కానీ సన్నని ట్యూబు పొడవుగా కట్టుకోవడం ఎప్పుడూ మేలే.

బఫర్ ఎంత, ఎన్నిసార్లు? 5 మి.లీ. శాంపిల్‌ని 2 లీటర్లలో ఒకేసారి పెడితే ఇమిడజోల్ 0.6 మిల్లీమోలార్ దగ్గర ఆగిపోతుంది. ఎంతసేపు ఉంచినా అంతకు దిగదు, లోపలా బయటా సమానమయ్యాక వచ్చేవి వస్తుంటాయి, పోయేవి పోతుంటాయి. అదే 2 లీటర్లని లీటరు చొప్పున రెండుసార్లు మారిస్తే 0.006కి దిగుతుంది. అదే బఫర్‌కి వంద రెట్ల ఫలితం. రాత్రంతా ఒకే బీకర్‌లో వదిలేసే బదులు సాయంత్రం నాలుగింటికి పెట్టి, ఇంటికి వెళ్లే ముందు ఒకసారి మార్చడం ఎంతో నయం.

అమ్మోనియం సల్ఫేట్ ఉప్పు కలిపి అడుగుకి దించిన ప్రోటీన్ అయితే బ్యాగులోకి నీళ్లు ఎగబాకుతాయి, అది ఉబ్బి పగలొచ్చు. సగం ఖాళీ వదిలి, గాలి పిండేసి కట్టండి. పొడి ట్యూబింగ్ రోల్ కొన్నట్లయితే, సోడియం బైకార్బొనేట్, ఈడీటీఏ కలిపిన నీళ్లలో పది నిమిషాలు మరిగించి వాడాలి. తడిపాక గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. సెల్యులేస్ ఎంజైమ్ మీద పనిచేసేవాళ్లు సెల్యులోజ్ ట్యూబు జోలికే పోవద్దు. ఆ ఎంజైమ్ ట్యూబునే తినేస్తుంది.

మరి ఇంత నిదానమైన పద్ధతి ఎందుకు? నిదానం కావాల్సిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి. ఇన్‌క్లూజన్ బాడీల్లోంచి (కణం లోపల ప్రోటీన్ గుంపుకట్టిన ముద్దలు) 8 మోలార్ యూరియాలో కరిగించిన ప్రోటీన్‌ని మళ్లీ మడత పెట్టించాలంటే యూరియాని 6, 4, 2 అంటూ మెట్లు మెట్లుగా దించాలి. కాలమ్‌లో ఒక్కసారిగా దించితే చాలా ప్రోటీన్లు గుంపుకట్టి విరిగిపోతాయి. అలాగే 50 మి.లీ. శాంపిల్ చేతిలో ఉంటే డయాలిసిస్‌కి పోటీ వచ్చేది తక్కువ.

డయాలిసిస్ అంటే మన జనానికి ముందు గుర్తొచ్చేది కిడ్నీ మెషీన్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ మాట తెలియని ఇల్లుండదు. రోగికి నాలుగు గంటల్లో అయిపోయే పని మన బ్యాగులో రాత్రంతా ఎందుకు పడుతుందంటే, కారణం మళ్లీ దూరమే. ఆ ఫిల్టరులో రక్తం ప్రవహించే బోలు పోగుల లోపలి వ్యాసం 200 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అలాంటివి వేలల్లో ఉంటాయి. 60 డాల్టన్ల యూరియా చకచకా బయటపడుతుంది. 11,800 డాల్టన్ల బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ మాత్రం సరిగ్గా పోదు. దానికోసమే హీమోడయాఫిల్ట్రేషన్ అనే చికిత్సలో ద్రవాన్ని ఒత్తిడితో పొర గుండా తోస్తారు. చిన్నవాటికి వ్యాపనం చాలు, పెద్దవాటికి తోపు కావాలి. స్పిన్ ఫిల్టర్ దగ్గర ఈ మాటే మళ్లీ వస్తుంది.

కాలమ్: అదే కదలిక, దూరం మాత్రం పూసంత

1959లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పోరాత్, ఫ్లోడిన్ డెక్స్‌ట్రాన్ జెల్ పూసలతో చేసి చూపించిన పద్ధతి ఇది. పూసల నిండా రంధ్రాలు. చిన్న అణువులు తచ్చాడుతూ వాటిలోకి పోయి వస్తూ ఆలస్యంగా దిగుతాయి. రంధ్రంలో పట్టని ప్రోటీన్ పూసల సందుల్లోంచి ముందే దిగిపోతుంది. ఇమిడజోల్ పోవాల్సిన దూరం పూస లోపలికి కొన్ని పదుల మైక్రాన్లు, అంటే సెకను పని. రాత్రంతా పట్టే పని పది నిమిషాలకు తగ్గడం వెనక కిటుకు ఇదే.

డీసాల్టింగ్‌కి సెఫడెక్స్ జి-25 అనే పూసల జెల్ వాడతారు. 5 కిలోడాల్టన్లు దాటినవి దాని పూసల్లోకి పోలేవు. పీడీ-10 రకం రెడీమేడ్ కాలమ్‌లో 8.3 మి.లీ. జెల్ ఉంటుంది. 2.5 మి.లీ. శాంపిల్ పోసి, అది ఇంకాక 3.5 మి.లీ. బఫర్ పోసి పట్టుకుంటే చాలు, భూమ్యాకర్షణే పని చేస్తుంది. ప్రోటీన్ 1.4 రెట్లు పలచబడుతుంది, అంతకుమించి నష్టం లేదు. శాంపిల్ తక్కువైతే ముందే బఫర్‌తో 2.5 చేయండి. ఎక్కువైతే మాత్రం కక్కుర్తి పడి 4 మి.లీ. పోయొద్దు, ఉప్పు వెనకాలే దిగిపోతుంది. కడిగి, 20 శాతం ఇథనాల్‌లో దాచుకుంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ప్రోటీన్‌ని ప్రోటీన్ నుంచి విడదీయడం వేరే ఆట. దానికి వాడే సూపర్‌డెక్స్ 75, 200 లాంటి 24 మి.లీ. జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్‌లో శాంపిల్ అర మి.లీ. మించకూడదు. బరువుల్లో కనీసం రెండు రెట్ల తేడా ఉంటేనే శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి. మోనోమర్ (ఒంటరి ప్రోటీన్), డైమర్ (రెండు అతుక్కున్నది) విడిపోతాయి. 30, 35 కిలోడాల్టన్ల జంట విడిపోదు, దానికి అయాన్ ఎక్స్‌ఛేంజ్‌కి (విద్యుదావేశాన్ని బట్టి విడదీసే పద్ధతి) వెళ్లండి. ఇక తొందర. ప్రోటీన్ పూసలోకి పోయి రావడానికి ఇమిడజోల్ కంటే పదింతల టైమ్ కావాలి. నిమిషానికి 0.5 మి.లీ. దగ్గర నడిపితే బాగా విడిపోయే జంట, అదే కాలమ్‌లో వేగం పెంచితే ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. మరీ నిదానంగా నడిపినా బ్యాండ్ తనంతట తాను వ్యాపించి వెడల్పవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ బెడద చిన్న అణువులకే. ప్రోటీన్ల విషయంలో మామూలు ల్యాబు వేగాల్లో ఆ పరిస్థితి రాదు. కాబట్టి టెన్షన్ లేకుండా పంపు తగ్గించి భోజనానికి వెళ్లి రండి.

స్పిన్ ఫిల్టర్

ఇందులో అణువుల సొంత కదలికకి పెద్ద పాత్ర లేదు, సెంట్రిఫ్యూజ్ తోస్తుంది. 15 మి.లీ. శాంపిల్‌ని గంటలోపే పావు మి.లీ.కి దించగలదు, ఆ పని పై రెండూ చేయలేవు. దించాక మళ్లీ పది రెట్లు బఫర్ పోసి తిప్పండి. మూడుసార్లు చేస్తే ఇమిడజోల్ వెయ్యో వంతు అవుతుంది.

అసలు ఇబ్బంది ఏంటంటే, నీళ్లు కిందికి పోతుంటే ప్రోటీన్ పొర దగ్గర పేరుకుంటుంది. అక్కడి నుంచి వెనక్కి రావాలంటే వ్యాపనమే దిక్కు, అది నిదానమని ఇప్పటికే చూశాం. అరగంట ఆపకుండా తిప్పినవాళ్లకి పొర మీద మిగిలేది ప్రోటీన్ జిగురు. ఐదారు నిమిషాలకొకసారి ఆపి, పిపెట్‌తో నెమ్మదిగా పైకీ కిందికీ కలిపితే ఈ బాధ చాలా తగ్గుతుంది. 30 కిలోడాల్టన్లకి 10 కిలోడాల్టన్ల ఫిల్టర్. కొత్తదాన్ని ముందు బఫర్‌తో ఒకసారి కడగాలి, పొర మీద గ్లిజరిన్ ఉంటుంది. గుంపుకట్టే స్వభావం ఉన్న ప్రోటీన్‌కి మాత్రం నేను దీన్ని సిఫార్సు చేయను.

బ్రౌనియన్ రాచెట్: ముచ్చట, మర్యాద, దూరం

అణువులు ఎలాగూ ఎగురుతూనే ఉన్నాయి కదా, ఆ ఎగురుడుని ఒకవైపుకే పోనిచ్చే ఏర్పాటు చేస్తే తోపు లేకుండానే చిన్నవి ఒకపక్కకి, పెద్దవి ఇంకోపక్కకి పోవా? పళ్లచక్రానికి అడ్డు నాలుక పెట్టి ఇలా నడిపించలేమని 1912లో స్మొలుకోవ్‌స్కీ, 1962 నాటి ఉపన్యాసంలో ఫైన్మన్ వివరించారు. అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే ఆ నాలుక కూడా గెంతుతుంది, చక్రం ముందుకెంత తిరుగుతుందో వెనక్కీ అంతే తిరుగుతుంది. ఉచితంగా ఏదీ రాదు. బయటి నుంచి శక్తి పెట్టాలి.

ఆ శక్తిని తెలివిగా పెట్టే దారి 1992లో అజ్దారీ, ప్రోస్ట్ చూపించారు. చేటలో బియ్యం చెరిగేటప్పుడు చేతి విసురు రెండువైపులా ఒకేలా ఉండదు, ఆ అసమానత వల్లే రాళ్లు ఒక అంచుకి, గింజలు ఇంకో అంచుకి చేరతాయి. ఇక్కడ అసమానత రంపపు పళ్ల ఆకారంలో ఉండే విద్యుత్ క్షేత్రంలో ఉంటుంది. ఆన్ చేస్తే అణువులన్నీ గుంటల్లోకి జారతాయి. ఆఫ్ చేస్తే ఎవరికి వాళ్లు వ్యాపిస్తారు. మళ్లీ ఆన్.

లెక్క వేసి చూస్తేనే దీని అందం తెలుస్తుంది. గుంట నుంచి కుడి శిఖరం 1 మైక్రాన్, ఎడమ శిఖరం 4 మైక్రాన్ల దూరంలో ఉన్నాయనుకోండి. 5 మిల్లీసెకన్లు ఆఫ్ చేద్దాం. సెకనుకు 100 చదరపు మైక్రాన్ల వ్యాపన గుణకం (ఎంత చురుగ్గా వ్యాపిస్తుందో చెప్పే అంకె) ఉన్న చిన్న అణువుల్లో నూటికి 16 కుడి శిఖరం దాటి, ఆన్ చేయగానే పక్క గుంటలో పడతాయి. ఎడమకి దాదాపు ఏవీ పోవు. గుణకం 10 మాత్రమే ఉన్న పెద్దవాటిలో వెయ్యికి ఒకటి కూడా దాటదు. ఆఫ్ సమయం పెంచినా తగ్గించినా ఎవరు కదలాలో మారుతుంది. ఒక్క టైమర్‌తో సైజు ఎంచుకున్నట్టే.

అదే లెక్క రెండోవైపు కూడా చూపిస్తుంది. గుంటల మధ్య దూరం 5 మైక్రాన్లు కాబట్టి చిన్న అణువు సగటున ఒక్కో విడతకి 0.8 మైక్రాన్లు జరుగుతుంది. సెంటీమీటరు పోవాలంటే పన్నెండు వేల పైచిలుకు విడతలు. చిప్‌లో పట్టే ద్రవమా, అతి స్వల్పం. 1999లో జోయెల్ బాడర్ బృందం సిలికాన్ చిప్ మీద 50 న్యూక్లియోటైడ్ల డీఎన్ఏని ఇలా నడిపించి చూపింది. నడపడం వరకు లెక్కతో సరిపోయింది. సైజును బట్టి విడదీయడానికి మాత్రం ఇంకా సన్నని నిర్మాణం కావాలన్నారు. 2018లో ఐబీఎం జ్యూరిచ్ పరిశోధకులు 60, 100 నానోమీటర్ల బంగారు కణాల్ని ఊగే క్షేత్రంతో వేరు చేశారు. అవి ఘనమైన ప్రయోగాలే, కానీ కేటలాగ్ చూసి ఆర్డర్ ఇచ్చే వస్తువులు కావు.

ఇందులో నాకు బాగా నచ్చే మలుపు ఇంకోటి ఉంది. 1998లో డ్యూక్, ఆస్టిన్ వాలుగా నిలబెట్టిన సూక్ష్మ స్తంభాల మధ్య నుంచి అణువుల్ని పంపి, వ్యాపనం ఎక్కువున్న చిన్నవి పక్కకి తొలగేలా చేసే పథకం వేశారు. 2004కల్లా అదే ఆస్టిన్ సహరచయితగా హువాంగ్ బృందం స్తంభాల అమరిక మార్చి, వ్యాపనం అవసరమే లేకుండా 0.80, 0.90, 1.03 మైక్రాన్ల పూసల్ని 40 సెకన్లలో విడదీసింది. యాదృచ్ఛిక కదలికని వాడుకోబోయి, చివరికి దాన్ని తప్పించుకుంటేనే మేలని తేలింది. 2016లో ఐబీఎం వాళ్లు ఆ రకం చిప్‌ని నానో స్థాయికి కుదించి 20 నానోమీటర్ల కణాల వరకు తెచ్చారు. ఎక్సోసోముల (కణాలు విడిచే సూక్ష్మ సంచులు) మీద మైక్రోఫ్లూయిడిక్స్ (సన్నని కాలువల్లో ద్రవాలు నడిపే) ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్లు రాచెట్ కంటే ఈ దారి చదవడం మంచిది.

కొన్ని చిక్కు కేసులు

శాంపిల్ డీఎన్ఏ ముక్కలైతే ఈ గొడవంతా వదిలేసి అగరోజ్ జెల్ నడపండి. 20 వేల బేస్ జతలు దాటిన పొడవాటి ముక్కలకి 1984లో వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ ఉంది.

ఒకటి రెండు కిలోడాల్టన్ల పెప్టైడ్‌లోంచి (పొట్టి ప్రోటీన్ ముక్క) ఉప్పు తీయాలంటే జి-25 గానీ 3.5 వేల ట్యూబు గానీ పనికిరావు, పెప్టైడ్ కూడా ఉప్పుతోనే పోతుంది. పెప్టైడ్‌ని పట్టుకుని ఉప్పుని పోనిచ్చే సీ18 కార్ట్రిడ్జ్ వాడండి.

ప్రోటీన్ పలచగా ఉంది, ఇమిడజోల్ కూడా పోవాలి, ఉన్నది 10 మి.లీ. అనుకుందాం. ముందు స్పిన్ ఫిల్టర్‌తో 2.5కి దించి, అక్కడి నుంచి పీడీ-10 మీద పోయడం నేను చెప్పే క్రమం. ఫిల్టర్‌లోనే మూడుసార్లు తిప్పడం కన్నా ప్రోటీన్ తక్కువ పోతుంది. ల్యాబులో ఫిల్టర్లు లేకపోతే, బ్యాగుని ఎండు పాలీఇథిలీన్ గ్లైకాల్ 20,000 పొడిలో పొర్లించి పెడితే నీళ్లు లాగేసుకుంటుంది. గంటకోసారి చూడండి, మరిచిపోతే బ్యాగు ఎండిపోతుంది.

ఏ పద్ధతిలో చేసినా 280 నానోమీటర్ల దగ్గర ప్రోటీన్ కొలిచేటప్పుడు ఇమిడజోల్ కూడా కొంత కాంతి పీల్చుకుంటుందని గుర్తుపెట్టుకోండి. డయాలిసిస్ చేసినవాళ్లు ఆఖరి మార్పు తర్వాత బీకర్‌లోని బఫర్ పారబోయకుండా 50 మి.లీ. తీసి పెట్టుకోండి. బ్యాగు లోపల ఉన్న చిన్న అణువులే అందులోనూ ఉంటాయి కాబట్టి బ్లాంక్‌గా (కొలతలో సున్నాగా పెట్టుకునే ద్రావణం) అదే సరైనది, కొత్తగా కలిపిన బఫర్ కాదు.